పరామర్శ

కలకత్తా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు జిల్లాలో ఒక ఊరిని రెండు ముక్కలు చేసింది. ఇళ్లు తూర్పున ఉండిపోయాయి, పొలాలు పడమటికి పోయాయి. ఆ ఊళ్లో ఒక తల్లి ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు.

కొడుకు సంగతి చెప్పేముందు తల్లి సంగతి కొంత చెప్పాలి. ఆమె పెళ్లయి ఆ ఊరికి వచ్చేనాటికి వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోయించి పల్లెపల్లెకూ చేరుస్తోంది. భర్త పగలంతా చేసిన కూలి పొద్దుగూకేసరికి ఆ ప్యాకెట్లకే పోయేది. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడులు వచ్చాయి. ఆమె పలక పట్టుకుని వెళ్లి కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా అంగడిని ఎలా మూయించారో ఆ బడి పాఠంలోనే చదివింది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్లు లేచినప్పుడు ఆమె కూడా చీపురు, కారం పొట్లం తీసుకుని సారా జీపుకు అడ్డంగా నిలబడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఆ మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. సారా వాసన లేని ఇంట్లో పుట్టిన బిడ్డ అని ఆమె అందరికీ చెప్పుకునేది.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. భర్త మళ్లీ తాగుడు మొదలుపెట్టాడు. కొడుకు బడికి వెళ్తున్న రోజుల్లోనే కాలేయం చెడి చనిపోయాడు. ఆమె రెండు బర్రెలను మేపుకుంటూ, పాల కేంద్రానికి పాలు పోస్తూ పిల్లవాణ్ని పెంచింది. అతడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాడు. ఇళ్లకు వైరింగ్ చేసేవాడు, పెళ్లి పందిళ్లకు లైట్లు కట్టేవాడు. నెలకు 10 వేల రూపాయల దాకా వచ్చేవి. తండ్రిని చూసినవాడు కాబట్టి చుక్క ముట్టలేదు.

2018 డిసెంబరులో ఒక రాత్రి అతడు పక్క ఊరి చర్చికి క్రిస్మస్ లైట్లు కట్టి మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. ఊరి మలుపు దగ్గర ఒక కారు రాంగ్ రూటులో ఎదురొచ్చింది. 108 వచ్చి కావలి ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అతడి ప్రాణం పోయింది. అతడికి 24 ఏళ్లు.

ఆ కారు పొరుగూరి కాంట్రాక్టరుది. చెరువు కట్టలు, సిమెంటు రోడ్లు వేయించేవాడు. కూలీల డబ్బు ఎన్నడూ ఎగ్గొట్టలేదని పేరు. ఆ రాత్రి కారు అక్కడే వదిలేసి పొలాలకు అడ్డం పడి నడిచి వెళ్లిపోయాడు. మర్నాడు పదకొండు గంటలకు తల దువ్వుకుని, వకీలును వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వచ్చాడు. అప్పుడు తీశారు రక్తం.

ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపి లెక్క చెప్పాలి. ఈ లెక్క తెలియక ఎన్నో ఇళ్లు మోసపోతున్నాయి. నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. ఆ 100 మిల్లీలీటర్ల రక్తంలోని అంకె గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగిపోతుంది. రాత్రి పదింటికి దోషిగా ఉన్నవాడు పొద్దున పదకొండుకు రక్తం ఇస్తే కాగితం మీద నిర్దోషి. అదే జరిగింది. రిపోర్టులో అంకె 30 లోపే వచ్చింది. అతడు తాగి ఉన్నాడని ఊరంతటికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియలేదు. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారకుడయ్యాడని 304-ఎ సెక్షన్ రాశారు. అప్పటి చట్టంలో దానికి రెండేళ్లకు మించిన శిక్ష లేదు, బెయిలు స్టేషనులోనే దొరుకుతుంది. ఆ సాయంత్రానికే అతడు ఇల్లు చేరాడు.

తల్లి ఇంటికి పరామర్శకు జనం రావడం మొదలుపెట్టారు.

మొదట హైవే పక్క దాబా యజమాని వచ్చాడు. అరుగు మీద కూర్చుని, టైము అలా వచ్చింది, మనం ఏమి చేయగలం అన్నాడు. కిరాణా కొట్టు అతను బియ్యం మూట దించి, ఈ భూమ్మీద నూకలు చెల్లితే ఎవరు ఆపగలరు అన్నాడు. కాంట్రాక్టరుతో తిరిగే స్నేహితుడొకడు ఈ ఊరివాడే ఉన్నాడు. అతడు గడప లోపలికి రాకుండా నిలబడి, మీకూ వాడికీ రుణం అంతే అన్నాడు. ఊరి పెద్దమనిషి పెద్దకర్మ నాడు వచ్చి, అంతా తలరాత, బ్రహ్మ రాసిన గీతను చెరపడం ఎవరి తరం అని అందరి ముందూ చెప్పి వెళ్లాడు. అందరూ మంచి మాటలే చెప్పారని చుట్టాలు అనుకున్నారు.

తల్లి అన్నీ విన్నది. తల ఊపింది. కంట నీరు మాత్రం రాలేదు. కాటికి తీసుకుపోయేటప్పుడు రాలేదు, పెద్దకర్మ నాడూ రాలేదు. గట్టి గుండె అని కొందరు మెచ్చుకున్నారు. అయినవాళ్లు భయపడ్డారు.

ఆమె లోపల జరుగుతున్నది వేరు. కొడుకు చావు ముందే రాసి ఉన్నదైతే, రాసినవాడు దేవుడే. కాబట్టి కొడుకును చంపినవాడూ దేవుడే. వచ్చినవాళ్లందరూ చెప్పిన మాటకు అర్థం అదేనని ఆమెకు తోచింది. ఆమె దేవుడి గూట్లో దీపం పెట్టడం మానేసింది. పసుపు కుంకుమలు పెట్టిన పటాలను గోడ వైపు తిప్పేసింది. ఊళ్లో అందరూ రామాలయానికి పోయే శ్రీరామనవమి నాడు తలుపు వేసుకుని కూర్చుంది. సాయంత్రం బర్రెల పాలు పితికాక మలుపు దగ్గరకు వెళ్లి, లారీలు పోతుంటే చూస్తూ నిలబడేది. మనిషి మీద రావాల్సిన కోపం మనిషిని చేరుకోలేక ఆమెలోనే తిరిగి తిరిగి ఆమెనే తినేసింది. తిండి తగ్గింది, నిద్ర పోయింది. పాలు పితికే చేతులు వణకసాగాయి.

ఆ మధ్య నెల్లూరు వకీలు ఒకాయన నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌లో కేసు వేయించాడు. అర్జీ రాస్తూ లెక్క ఎలా కడతారో ఆమెకు వివరించాడు. నెలకు 10 వేలు, ఏడాదికి 1,20,000. వయసు 40 లోపు, సొంత పని చేసుకునేవాడు, కాబట్టి ముందు ముందు పెరగబోయే సంపాదనకు 40 శాతం కలుపుతారు. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట అది. మొత్తం 1,68,000. పెళ్లి కానివాడు కాబట్టి అందులో సగం తన సొంతానికే ఖర్చు పెట్టుకునేవాడని తీసేస్తారు. 2009లో సరళా వర్మ కేసు నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. మిగిలిన 84,000ను ఆ వయసుకు పెట్టిన 18తో గుణిస్తారు. 15,12,000 అవుతుంది. అంత్యక్రియల ఖర్చుకు 15,000 వేరు.

ఆమె మిగతా అంకెలకు ఏమీ అనలేదు. సగం తీసేసిన చోట ఆగిపోయింది. తన కొడుకు సగం తనకే వాడుకునేవాడని ఏ కాగితమైనా ఎలా అనగలదని ఆమెకు అర్థం కాలేదు. తెగిన చెప్పుకు మేకు కొట్టించుకుని తిరిగినవాడు, తల్లి కంటి ఆపరేషన్ కోసం చీటీ కట్టినవాడు. వకీలు తప్పు కాదు, చట్టం తప్పూ కాదు. ఆ తీర్పులు రాకముందు ఒక్కో ట్రిబ్యునల్ ఒక్కో విధంగా కట్టేది, ఒకే వయసువాడికి ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వచ్చేది. ఏదో ఒక కొలత కావాలి. కానీ ఆ లెక్కలో తన కొడుకు ఎంత సంపాదించేవాడన్నదే ఉంది, వాడు ఎందుకు చచ్చిపోయాడన్నది ఎక్కడా లేదని ఆమె గమనించింది. తలరాత అన్నవాళ్లూ అది చెప్పలేదు. ట్రిబ్యునల్ లెక్కలోనూ అది లేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరూ ఎరగని కుర్రవాడొకడు ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్లు ఉంటాయి. హైవే మీద పెట్రోలు బంకులో రాత్రి షిఫ్టు పని చేసేవాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. పరామర్శ మాటలేవీ అతడికి రాలేదు. తాను చూసింది చెప్పాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నర దాటాక కాంట్రాక్టరు కారు బంకులోకి వచ్చింది. పంపు దిమ్మెకు రాసుకుంటూ ఆగింది. పక్క సీటులోంచి ఒక మనిషి దిగి, తన మోటారు సైకిల్ అక్కడే పెట్టాను అంటూ దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. కాంట్రాక్టరు పెట్రోలు ఎంత పోయాలో రెండుసార్లు రెండు విధాలుగా చెప్పాడు. డబ్బులు అడిగితే ఓటరు కార్డు చేతికిచ్చాడు. కారు దిగి మూత తానే తీస్తానని పట్టుబట్టాడు. ఆ పెనుగులాటలో కారు తాళంచెవి చేతిలోంచి జారి కింద పడింది. వంగితే తూలిపోయాడు. దాన్ని వెతుక్కోవడం అతడి వల్ల కాలేదు.

కుర్రవాడు వంగి తాళంచెవి తీశాడు. ఆ కాసేపు అది అతడి గుప్పిట్లోనే ఉంది. మందు వాసన ముఖానికి కొడుతూనే ఉంది. ఇవ్వకూడదని అనిపించింది. జేబులో వేసుకుని మేనేజరును పిలవవచ్చు. కారు పక్కకు నెట్టించి, పొద్దున రమ్మనవచ్చు. కానీ వెనక లారీ హారన్ కొట్టింది. పెద్దవాళ్లతో మనకెందుకు అనుకున్నాడు. తాళంచెవిని కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. వేళ్లు సరిగా ముడుచుకోకపోతే తానే ముడిచాడు. పది నిమిషాల తర్వాత 108 కూత వినబడింది. మర్నాడు పేపరులో చూసి ఆ కారేనని తెలుసుకున్నాడు. అప్పటినుంచీ ఎవరు పెట్రోలు పోయించుకుని తాళంచెవి తిప్పినా తన గుప్పిట తెరుచుకున్నట్టే ఉంటోందని చెప్పాడు. ఆపగలిగి ఉండీ ఆపలేదని చెప్పాడు. క్షమించమని అడగలేదు.

తల్లి మళ్లీ చెప్పమంది. అతడు మళ్లీ చెప్పాడు. ఆమె అతడి కుడి చెయ్యి వైపు చూసింది, లేచి లోపలికి వెళ్లింది. కొంతసేపు ఏ అలికిడీ లేదు. ఆ తర్వాత ఆమె కొడుకు పేరు పెట్టి, రాగం తీసి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. చావు నాడు ఏడవాల్సిన ఏడుపు అది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. కుర్రవాడు ఆమెను ఏమైనా చేశాడేమోనని మగవాళ్లు చొక్కా పట్టుకున్నారు. ఆమె లోపలినుంచే వదలమంది, మీరూ వినండి అంది. అతడు మూడోసారి, ఈసారి అందరి ముందూ చెప్పాడు.

పక్క సీటులోంచి దిగి మోటారు సైకిల్ మీద వెళ్లిపోయిన మనిషి ఎవరో చెప్పనక్కర లేకుండానే అందరికీ తెలిసిపోయింది. రుణం అంతే అని గడప బయట నిలబడినవాడే.

మనందరం చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథ ఉంది కదా. చేప ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డి మేటు మీద చెబుతుంది, మేటు ఆవు మీద చెబుతుంది, అలా చీమ దాకా పోతుంది, ఒక్కరూ తప్పు తమ దగ్గర ఆపుకోరు. ఆ ఊళ్లో ఆ కథ తిరగబడి నడిచింది. స్నేహితుడు రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడో రాత్రి వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. దాబాలో మూడు గంటలు కలిసి తాగామని, బంకు దాకా కారు ఎక్కించి తెచ్చింది తానేనని, బండి తీసుకుని ఇంటికి పోతూ కూడా ఇతను ఎలా వెళ్తాడో అని ఒకసారి వెనక్కి చూశానని, ఆగలేదని ఒప్పుకున్నాడు. దాబాలో మందు అమ్మరాదు. అయినా యజమాని గ్లాసులు, నీళ్లు, వేయించిన పల్లీలు పెట్టి కూర్చోబెట్టాడని స్నేహితుడి మాటతో బయటపడింది. దాబా యజమాని ఆ తర్వాత కూడా తల్లి దగ్గరకు రాలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అందరూ వస్తారని ఏమీ లేదు.

కిరాణా కొట్టు అతను వచ్చాడు. ఆ సీసాలు తన కొట్టులోవేనని చెప్పాడు. జాతీయ రహదారుల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 500 మీటర్లు దూరం జరపాలంది, 20 వేల లోపు జనాభా ఉన్న చోట 220 మీటర్లు చాలని 2017 మార్చిలో సడలించింది. ఆ ప్రకారం మండలంలోని లైసెన్సు దుకాణం 2017లో టేపు పెట్టి కొలుచుకుని లోపలికి జరిగింది. అదే దుకాణం సీసాలు మాత్రం సంచుల్లో తిరిగి రోడ్డు మీదకు వచ్చి, కిరాణా కొట్టు వెనక గదిలో బెల్టు షాపు అయ్యాయి. ఆ బెల్టు షాపు హక్కును ఊళ్లో వేలం వేసింది పెద్దమనిషి. వేలం డబ్బుతో రామాలయానికి కొత్త గచ్చు వేయించారు. ఆ గచ్చు మీద ఊరంతా కూర్చుని ప్రసాదం తిన్నది. తల్లి కూడా తిన్నది. ఒకప్పుడు సారా జీపుకు అడ్డం నిలబడిన మనిషి, వేలం పాట జరుగుతున్న సాయంత్రం ఆ పక్కనుంచే పాల క్యాను తీసుకుని వెళ్లింది. ఇదంతా ఆమె తానే పదిమందిలో చెప్పింది. ఎవరూ అడగలేదు.

పెద్దమనిషి అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు. పెద్దకర్మ నాడు అందరి ముందూ తలరాత అన్నవాడు కాబట్టి, రామాలయం దగ్గర అందరి ముందే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. గీసింది బ్రహ్మ కాదు, మనమే అన్నాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో వేలం పాట జరగలేదు. పొరుగూళ్లో సీసాలు దొరుకుతూనే ఉన్నాయి. హైవే మీద తాగి నడిపేవాళ్లు తగ్గిపోయారని చెప్పడానికి లేదు. అలాంటి ముగింపు ఈ కథకు లేదు.

కాంట్రాక్టరు రాలేదు, అతడి భార్య వచ్చింది. రోజూ రాత్రి హారన్ వినబడే దాకా మేలుకుని ఉండి గేటు తీసేదాన్నని, ఇంటికి చేరితే చాలనుకునేదాన్నని, దారిలో ఎవరున్నారో ఎన్నడూ ఆలోచించలేదని చెప్పింది. తల్లి ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది. ఇలాంటి కథల్లో తల్లి క్షమించిందని చెబితే వినేవాళ్లకు హాయిగా ఉంటుంది. ఈ తల్లి క్షమించలేదు. శపించనూ లేదు. నిజం చెప్పిన ప్రతి ఒక్కరినీ కోర్టుకు వచ్చి అదే మాట చెప్పమని అడిగింది.

బంకు కుర్రవాడు మొదట ఒప్పుకున్నాడు. బంకు కెమెరాలో ఆ రాత్రి బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది, దాని మీద కొత్త రోజులు వచ్చి పడ్డాయి. అతడి మాట ఒక్కటే మిగిలింది. సాక్షిగా పేరు ఎక్కగానే బంకులో పని పోయింది. అయినా మాట తప్పలేదు. స్నేహితుడు కూడా వచ్చాడు. 2020లో కరోనాతో కోర్టులు మూతపడ్డాయి, వాయిదాలు సాగాయి. తాగి నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపాడని రుజువైతే అప్పటి చట్టంలో 304 రెండో భాగం కింద పదేళ్ల దాకా శిక్ష పడే వీలుండేది. ముంబయి కార్టర్ రోడ్డులో 2006లో కారు కింద ఏడుగురు కూలీలు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఇక్కడ రక్తం రిపోర్టులో అంకె 30 లోపే ఉండటంతో అంత దూరం పోలేదు. కాంట్రాక్టరుకు ఏడాది జైలు పడింది, పైకోర్టుకు వెళ్లాడు. ట్రిబ్యునల్ డబ్బు వచ్చింది. తల్లి దానిలో కొంత బంకు కుర్రవాడు వర్క్‌షాపు పెట్టుకోవడానికి ఇవ్వబోతే అతడు తీసుకోలేదు.

అయితే తల్లిలో మార్పు తీర్పుతో రాలేదు. కుర్రవాడు వచ్చి వెళ్లిన ఆదివారం సాయంత్రమే వచ్చింది. ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది. ఆ తర్వాత చాలా రోజులు ఏడ్చింది. పాలు పితుకుతూ ఏడ్చింది, కేంద్రం దగ్గర వరసలో నిలబడి ఏడ్చింది. ఎవరైనా ఊరుకోమంటే ఊరుకునేది కాదు. గోడ వైపు తిప్పిన పటాలను ఇవతలికి తిప్పింది. తన కొడుకును దేవుడు చంపలేదని తెలిసింది కాబట్టి మళ్లీ దీపం పెట్టగలిగింది. కొడుకు లేని లోటు ఏమీ తగ్గలేదు. సాయంత్రాలు మలుపు దగ్గరకు వెళ్లడం మాత్రం మానేసింది.

కొన్నేళ్లకు అదే రోడ్డు మీద, రెండు ఊళ్ల అవతల, ఒక ట్రాక్టరు వచ్చి నడిచిపోతున్న మనిషిని గుద్దింది. నడిపినవాడు తాగి ఉన్నాడు. పోయినవాడికి భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. కబురు తెలిసిన రాత్రే తల్లి ఆటో కట్టించుకుని ఆ ఇంటికి వెళ్లింది. అప్పటికే అరుగు నిండా జనం ఉన్నారు. టైము బాగోలేదని ఒకరు, నూకలు చెల్లాయని ఒకరు, రాసి ఉన్నదని ఒకరు అంటున్నారు. తల్లి వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లి, చనిపోయినవాడి తమ్ముణ్ని పక్కకు పిలిచింది. ఇప్పుడే స్టేషనుకు పొమ్మని, ట్రాక్టరు నడిపినవాణ్ని తెల్లారేదాకా వదలొద్దని చెప్పమని, ఈ రాత్రే రక్తం తీయించమని చెప్పింది. అరెస్టు చేసిన రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలని చట్టంలోనే ఉందని, ఆ మాట స్టేషనులో గట్టిగా అడగమని చెప్పింది. దారిలో ఏ కొట్టుకు, ఏ బంకుకు కెమెరా ఉంటే అక్కడ పొద్దున్నే అడిగి బొమ్మ దాచిపెట్టించమంది. అతడు ఎక్కడ తాగాడో, ఎవరు ట్రాక్టరు ఎక్కించారో చూసినవాళ్లు ఈ అరుగు మీదే ఉండి ఉంటారని, వాళ్లు తలరాత అంటుంటారని కూడా చెప్పింది.

ఆ తర్వాత పోయినవాడి భార్య పక్కన కూర్చుంది. ఇది రాత కాదమ్మా, నీ మొగుణ్ని ఒక మనిషి చంపాడు అని చెప్పింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఆ పిల్ల తలెత్తి ఆమె వైపు చూసింది, ఆమె ఒళ్లో తల పెట్టుకుని గొంతెత్తి ఏడ్చింది.

ఈ కథలోని నీతి ఇది: తాగి నడిపినవాడి వల్ల మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి తలరాత అంటే, ఆ మాటతో బరువు దిగేది ఏడ్చేవాళ్లకు కాదు, ఆ రాత్రి చూసి ఊరుకున్నవాళ్లకు. జరిగింది మనిషి చేసిన పని అని, అందులో మన చెయ్యి ఉంటే ఉందని ఎదురుగా కూర్చుని చెప్పినప్పుడే ఆ ఇంటివాళ్లు తమ మనిషి కోసం తనివితీరా ఏడవగలుగుతారు. అంతకన్నా ముందు చేయవలసింది, తూలుతున్నవాడి తాళంచెవి మన గుప్పిట్లోకి వచ్చిన క్షణాన, వెనక ఎవరు హారన్ కొట్టినా, గుప్పిట తెరవకుండా ఉండటం.